గరుసు నేలలో నన్నారి

బద్వేలు రోడ్డు చెక్‌పోస్టు దగ్గర ఆపిన వ్యాను మూడు రోజులైనా కదలలేదు. కర్నూలులో షర్బత్తు తయారుచేసేవాళ్ళకు శివపార్వతి పంపిన పద్నాలుగు బస్తాల నన్నారి వేళ్ళు అందులోనే ఉన్నాయి. అవి లంకమల అడవిలో దొంగతనంగా తవ్వినవని ఎవరో అర్జీ పెట్టారు. తన చేనులో పండించినవని ఆమె ఎంత మొత్తుకున్నా చెక్‌పోస్టులో ఎవరూ నమ్మలేదు. నన్నారి కొండతీగ, చేనులో బతకదు అనేది ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. చివరికి కొత్తగా వచ్చిన రేంజర్ హర్షవర్ధన్ ఒక గడువు ఇచ్చాడు. "ఆదివారం పొద్దున నేనే మీ చేనుకు వస్తానమ్మా. అక్కడ పండినవేనని చూపించండి. చూపించలేకపోతే కేసు రాయక తప్పదు."

ఆదివారం రానే వచ్చింది.

శివపార్వతి పొద్దు పొడిచేసరికే చేనులో ఉంది. వచ్చి చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. మాఘమాసం, నన్నారి ఆకు రాల్చే కాలం. నాలుగెకరాల వాలు మీద వరసగా పేర్చిన రాతికట్టలు, కట్టల వెంబడి బోడిగా నిలబడిన సీతాఫలం చెట్లు, వాటికి చుట్టుకున్న ఎండుతాళ్ళలాంటి తీగలు. తెలియనివాడు చూస్తే ఎవరో ఏనాడో వదిలేసిన బీడు అనుకుంటాడు. ఆ రేంజరు వానలు పడ్డాక వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది ఆమె. అప్పుడైతే ఒక్కో తీగ మనిషి ఎత్తు దాటి, ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. ఇప్పుడు చూపించడానికి రాళ్ళు తప్ప ఏమున్నాయి?

"ఆ చేతులు నలపడం ఆపు పార్వతీ," అన్నాడు రామలింగప్ప. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో పండగలకూ వేళ్ళు కోసే రోజులకూ తప్ప మగ్గం దిగని మనిషి, ఈ పొద్దు అచ్చులో పోగు సగంలో వదిలేసి, భుజాన గడ్డపార వేసుకుని వచ్చాడు. "చేసింది మనం. చెప్పేది మనం. భయం దేనికి?"

"కేసుకు భయపడ్లా. ఊళ్ళో ఏడిండ్లోళ్ళు నారు అడిగిండారు గదా. ఈ పొద్దు నేను ఓడిపోతే ఇంగ ఎవరూ ఈ తీగను ముట్టుకోరు. అందురూ మళ్ళీ కొండకే పోతారు తవ్వేదానికి."

పక్కనే రాతికట్ట మీద కూర్చున్న గురమ్మ ఆ మాటకు తలెత్తి చూసింది. గురమ్మకు డెబ్బై దాటాయి. వయసంతా లంకమల మీదే గడిచింది. నన్నారి తవ్వి, మోపులు కట్టి, బద్వేలు సంతలో అమ్మి సంసారం ఈదింది. ఒకప్పుడు గంట నడిస్తే మోపు నిండేది. తర్వాత పూట పట్టింది. ఆ తర్వాత రెండు రోజులు తిరిగినా పిడికెడు దొరకని కాలం వచ్చింది. ఆ రోజు ఆమె గడ్డపార తెచ్చి అటక మీద పడేసింది. శివపార్వతికి ఈ విద్య నేర్పింది ఆమే.

తొమ్మిది గంటలకు జీపు వచ్చి వాలు కింద ఆగింది. హర్షవర్ధన్, వెనక ఇద్దరు సిబ్బంది దిగారు. వాళ్ళ తర్వాత తెల్లచొక్కా మనిషి ఒకడు దిగి, రాళ్ళ మీద చెప్పులు జారకుండా చూసుకుంటూ పైకి వచ్చాడు. బద్వేలులో వేళ్ళ వ్యాపారం చేసే ఓబులేష్. ఈ ప్రాంతంలో నన్నారి కొనాలన్నా అమ్మాలన్నా అతని గోడౌను దాటి పోవాల్సిందే. మొదటిసారి అతన్ని దాటి నేరుగా కర్నూలుకు సరుకు పంపింది శివపార్వతి. అర్జీ ఎవరు రాశారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"చూడండి సారూ," అన్నాడు ఓబులేష్, ఆయాసం తీర్చుకుంటూ. "ఈడ ఏముండాది? రాళ్ళు, ఎండుకట్టెలు. ఇరవై ఏండ్లుగా ఈ యాపారంలో ఉండా. చేన్లో నన్నారి పండిచ్చినోణ్ణి నేను ఒగన్ని గూడా చూళ్ళేదు."

"ఇప్పుడు చూడప్పా," అన్నాడు రామలింగప్ప.

"ఏం చూడాల? పద్నాలుగు బస్తాలు తవ్వితే చేనంతా గుంతలు పడల్ల గదా. యాడ ఒగ గుంత చూపిచ్చమనండి సారూ."

హర్షవర్ధన్ నేల మీద కళ్ళు తిప్పాడు. నిజమే, ఎక్కడా తవ్విన జాడ లేదు. ముప్పై ఏళ్ళు దాటని మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం దేన్నీ వదిలేది కాదు. "మీ మీద నాకు కోపం ఏమీ లేదమ్మా," అన్నాడు. "నేను ఇంతకు ముందు పనిచేసిన చోట నర్సరీలో దీన్ని రెండుసార్లు వేశాం. ఒక్క మొక్క కూడా మిగల్లేదు. అందుకే నాకూ అనుమానం."

శివపార్వతి రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నోటికి వచ్చింది ఒక్క ప్రశ్న.

"ఆ నర్సరీలో నేల ఎట్లాంటిది సార్?"

"మంచి నేలే. ఎర్రమట్టి. డ్రిప్పు ఉంది. మాగిన పశువుల ఎరువు వేశాం."

"అందుకే చచ్చిపోయినాయి సార్."

ఓబులేష్ నవ్వాడు. హర్షవర్ధన్ నవ్వలేదు. "చెప్పండి," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఆమెకు భయం తగ్గింది. తను చేసిన తప్పు చెప్పడానికి సిగ్గెందుకు? "నేనూ మొదుట అదే జేసినా సార్. బోరు కాడ మాకు అరెకరా మెత్తటి నేల ఉండాది. దుక్కి దున్ని, ఎరువేసి, నాలుగు నూర్ల మొక్కలు నాటినా. బిడ్డలకు తాపినట్ల నీళ్ళు పెట్టినా. ఆషాఢంలో నాలుగు వానలు పడినాయి. ఆకు పసుపు తిరిగింది. పదైదు దినాల్లో మొత్తం పడిపోయినాయి. అప్పుడే ఈ అవ్వ వచ్చి ఒగ మొక్క పీకి, వాసన చూసి, నా చేతిలో పెట్టింది. వేరు మురిగి జావైపోయిండె."

"నీళ్ళు తాగి చచ్చింది సారూ," అంది గురమ్మ. "కొండ మీద దానికి బిందెతో నీళ్ళు పోసేదెవరు?"

"ఆ మాట అని నన్ను కొండెక్కిచ్చింది," అంది శివపార్వతి.

ఆ నడక ఆమెకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మగ్గాల ఇంట పుట్టి మగ్గాల ఇంటికే కోడలైన తను, నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి లంకమల ఎక్కింది. గురమ్మ ముందు నడుస్తూ ఒక్కో తీగ దగ్గర ఆగి, "తీగను గాదు, దాని ఇల్లు చూడు" అనేది. బండకూ బండకూ మధ్య సందు. ఆ సందులో గులకరాళ్ళు, రాలిన ఆకు మాగి నల్లబడిన మన్ను చారెడు. వాన ఎంత కురిసినా నీరు ఒక్క క్షణం నిలవక కిందికి జారిపోయే వాలు. మొదలుకు నీడ. తీగ పక్క పొదను పట్టుకుని పైకి పోయాక తలకు ఎండ. ఎక్కడ చూసినా అదే అమరిక. సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కాయి గానీ, తను ఎక్కడ తప్పిందో తెలిసింది. మనిషికి మంచి నేల అనిపించిందల్లా మొక్కకు మంచి నేల అని తను అనుకుంది. అదే పొరపాటు.

"అందుకే బోరుకాడి నేల ఇడిసిపెట్టి ఈడికొచ్చినా సార్. ఊళ్ళో ఎవరూ కంది గూడా ఏయని గరుసు నేల ఇది. వాలుకు అడ్డంగా రెండడుగుల లోతు కాలవ తీసి, గులకరాళ్ళు, ఇసక, ఆకుమన్ను కలిపి నింపినా. కింది అంచుకు మట్టి లేకుండా రాళ్ళు పేర్చి కట్ట గట్టినా. నీళ్ళు రాళ్ళ సందులో నుంచి కారిపోతాయి, వేరుకు గాలి తగుల్తాది. నీడకూ తీగ పాకేదానికీ సీతాఫలం చెట్లు పెట్టినా. మొదటి ఎండాకాలం మాత్రం వారానికొగసారి చెంబుతో నీళ్ళు. ఆ తర్వాత వానే."

"విత్తనం?" అడిగాడు హర్షవర్ధన్. అతని చేతిలో ఎప్పుడు వచ్చిందో గానీ చిన్న పుస్తకం ఉంది. "మాకు అసలు మొలకే సరిగా రాలేదు."

"ఎన్ని దినాల విత్తనం ఏసినారు?"

"పోయిన ఏడాదిది."

"నెల దాటితే సగం చచ్చిపోతాది సార్ అది. కాయ పగిలిందంటే జిల్లేడు దూది మాదిరి గాలికి ఎగిరిపోతాది. ఏరుకుందామన్నా దొరకదు." ఆమె పక్క చెట్టు దగ్గరికి నడిచింది. తీగకు వేలాడుతున్న జంట కాయలకు చీరముక్కతో కుట్టిన చిన్న సంచి తొడిగి, నూలుపోగుతో మూతి కట్టి ఉంది. అటువంటివి వాలంతా వందల కొద్దీ ఉన్నాయి, ఎండకు రంగు వెలిసి, దగ్గరికి వస్తే తప్ప కనిపించనివి. "మగ్గం కాడ మిగిలిన ముక్కలు. కాయ పండే ముందర తొడుగుతాం. పగిలినా విత్తనం సంచిలోనే ఉంటాది. అదే వారంలో చల్లుతాం. నూరు ఏస్తే ఎనభై మొలుస్తాయి."

హర్షవర్ధన్ ఆ సంచిని వేళ్ళతో తాకి చూశాడు. ఓబులేష్‌కు అది నచ్చలేదు.

"మాటలు బాగానే చెప్తాంది సారూ. తీగలుండాయి, కాదన్లా. కొండ మీద నుంచి నాలుగు తెచ్చి నాటుకోనుంటాది, చూపిచ్చేదానికి. వేర్లు యాడుండాయి? బస్తాలో ఉండేవి ఈడివే అనేదానికి సాక్ష్యమేంది?"

"అది సరైన ప్రశ్నే," అన్నాడు హర్షవర్ధన్. "బస్తాల్లో వేళ్ళు ఏ వరసలవి?"

"పైన ఆరు వరసలవి."

"ఆ వరసల్లో ఒక తీగ మొదలు తెరిచి చూపించండి. ఏది తెరవాలో ఆయన్నే చెప్పనివ్వండి."

ఓబులేష్ వాలు పైకి ఎక్కి, వరసల వెంట అటూ ఇటూ తిరిగి, నాలుగో వరస చివర ఒక తీగ దగ్గర ఆగాడు. చిటికెన వేలంత లావు కూడా లేదు. శివపార్వతి ఆ తీగను గుర్తుపట్టింది. రెండో ఏడాది మేకలు పడి మొదలంటా కొరికేసిన మొక్క అది. బతుకుతుందో లేదో అని మూడు నెలలు ఎదురుచూసిన మొక్క. దాని వేళ్ళు కోసింది రామలింగప్ప, ఆ రోజు తను వేరే వరసలో ఉంది. లోపల ఏముందో ఆమె చూడలేదు.

"ఇది తవ్వమనండి," అన్నాడు ఓబులేష్.

రామలింగప్ప గడ్డపార అందుకోబోయాడు. "అది వద్దు," అంది శివపార్వతి. చెంగు నడుముకు దోపుకుని, కట్ట కింది అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి. మరొకటి. పది రాళ్ళు తీసేసరికి గులకరాళ్ళు జలజలా జారాయి. ఆమె రెండు చేతులతో వాటిని మెల్లగా ఒడిలోకి లాగుకుంది. చేతికి ఏమీ తగల్లేదు. ఇంకొంచెం లాగింది.

వాసన ముందు వచ్చింది. తీయగా, చల్లగా, ఎండాకాలం షర్బత్తు గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నట్టు. జీపు డ్రైవరుగా వచ్చిన సిబ్బంది మనిషి కూడా రెండడుగులు ముందుకు వేశాడు. తర్వాత వేళ్ళు కనిపించాయి. మొదలు నుంచి కిందికి దిగిన గోధుమరంగు వేళ్ళు, ఒక్కోటి ఆమె మణికట్టంత లావు, ఆరు. వాటి పక్కనే మొదలు దగ్గర నున్నగా కోసిన మోళ్ళు అయిదు. కోసిన చోట బూడిద అద్ది ఉంది. అంచుల చుట్టూ అప్పుడే లేత తోలు కడుతోంది.

శివపార్వతి చేతుల మట్టి దులుపుకుని, అందరికీ కనిపించేలా పక్కకు జరిగింది.

"మేము తీగను పీకం సార్," అన్నాడు రామలింగప్ప. అతని గొంతులో దాచుకోలేని గర్వం. "ఒగ పక్క కట్ట ఇప్పి, సగం వేర్లు కోసుకోని, బూడిద పెట్టి మళ్ళా మూసేస్తాం. తీగ బతికే ఉంటాది. రెండేండ్లకు మళ్ళీ ఊరతాది. గుంతలు యాడుంటాయి?"

హర్షవర్ధన్ కూడా కట్ట పక్కన కూర్చున్నాడు. టార్చి వేసి లోపలికి చూశాడు. "ఇవన్నీ కింద ఎందుకిలా వంగాయి?" అన్నాడు చివరికి.

శివపార్వతి వంగి చూసింది. ఆరు వేళ్ళూ నిట్టనిలువుగా రెండడుగులు దిగి, అక్కడ మోచెయ్యి మడిచినట్టు ఒక్కసారి పక్కకు తిరిగి ఉన్నాయి. కోసిన ప్రతి వేరూ అలాగే ఉండేది కాబట్టి ఆమె ఎన్నడూ దాన్ని గురించి ఆలోచించలేదు.

"కింద చట్టుబండ ఉండాది సార్. మా చేనంతా అంతే. కాలవ రెండడుగులకు మించి తెగలా. వేరు ఆడికిపోయి, దారి లేక పక్కకు తిరుగుతాది."

"మరి కొండ మీద?"

గురమ్మ అందుకుంది. "కొండ మీద ఒగ వేరు మాదిరి ఇంగొగటి ఉండదు సారూ. సందు ఎట్లుంటే అట్ల పోతాది. వంకర తిరిగి, బండల మధ్య నలిగి చప్పిడిగా, ఒగ్గోటి మూడు బారలు. ఇట్ల అన్నీ ఒగే తీరుగా దిగేది నా బతుకులో చూళ్ళేదు."

హర్షవర్ధన్ లేచి సిబ్బందికి సైగ చేశాడు. చెక్‌పోస్టు నుంచి ఒక బస్తాను వచ్చేటప్పుడే నమూనాగా జీపులో తెచ్చాడు. దాన్ని పైకి మోయించి, సీలు తెంపి, రాళ్ళ మీద కుమ్మరించాడు. వేళ్ళు దొర్లాయి. అతను ఒక్కోటీ తీసి వరసగా పేర్చసాగాడు. పది, ఇరవై, నలభై. ప్రతి వేరూ తిన్నగా రెండడుగులు. ప్రతి వేరు కొసనా మోచేతి మడత. పేర్చడం ఆపి, నుదుటి చెమట తుడుచుకుని, శివపార్వతి వైపు తిరిగాడు. ఎండలో ఎర్రబడిన ఆ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"వ్యాను ఇప్పుడే వదిలేయమని ఫోన్ చేస్తానమ్మా. కాగితం నేనే రాసిస్తాను, ఇక మీదట ఏ చెక్‌పోస్టులోనూ మిమ్మల్ని ఆపకుండా." జేబులోంచి ఫోన్ తీస్తూ అన్నాడు, "వచ్చే వానల్లోపు నాకు అయిదు వేల నారు కావాలి. అమ్ముకోవడానికి కాదు. కొండ మీద తిరిగి నాటడానికి. మీరు దగ్గరుండి నాటిస్తారా?"

శివపార్వతి భర్త వైపు చూసింది. రామలింగప్ప తల పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. గురమ్మ మాత్రం, "నాటిస్తాది సారూ. నేనూ వస్తా. నడవలేకపోతే ఎత్తుకోని పోండి," అంది. సిబ్బంది నవ్వారు. వాలు కింద ఎప్పుడు చేరారో, నారు అడిగిన ఏడిళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. ఒకామె అక్కడి నుంచే, "పార్వతక్కా, మా నారు సంగతి మర్చిపోవాకు," అని కేక వేసింది. "మర్చిపోన్లే," అని ఇక్కడి నుంచి బదులు చెబుతుంటే శివపార్వతికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఓబులేష్ కిందికి నడవబోయాడు.

"ఉండండి," అన్నాడు హర్షవర్ధన్. "మీ అర్జీలో ఒక మాట నిజం. ఈ నెలలో కొండ మీద ఎవరో తవ్వారు, కాలిబాటలో తాజా వేళ్ళ ముక్కలు దొరికాయి. మా వాళ్ళు నాలుగు రోజులుగా తిరుగుతున్నారు, గుంతలు దొరకలేదు."

"ఎట్ల దొరుకుతాయి సారూ, దారెంట తిరిగితే? జంటబండల ఎనక, గవి కింద గదా తవ్వింది," అనేశాడు ఓబులేష్. అని, ఆగిపోయాడు.

అందరి చూపూ ఓబులేష్ వైపు తిరిగింది.

"అర్జీలో ఆ చోటు లేదే," అన్నాడు హర్షవర్ధన్ నెమ్మదిగా.

"వాళ్ళూ వీళ్ళూ అనుకుంటాంటే ఇన్నా."

గురమ్మ కట్ట మీద నుంచే చెయ్యెత్తింది. "ఆ చోటు గురించి ఎవరూ అనుకోరు సారూ. ఎవరికీ తెలీదు. ఆడ పదకొండు తీగలుండాయి, మా అమ్మ కాలం నాటివి. కొండ మీద యాడా లేకపోయినా అవుంటే చాలని నేను వాటిని ముట్టలా. మొదటి విత్తనం పార్వతికి ఆడి నుంచే తెచ్చిచ్చినా. చోటు మాత్రం ఆమెకు గూడా చూపిచ్చలా. నా జన్మలో ఒగరికే చూపిచ్చినా. నా బిడ్డ శిల్పకు."

"ఇనండి సారూ," అన్నాడు ఓబులేష్, ఊపిరి దొరికినవాడిలా. "ఆ శిల్ప రెండేండ్లుగా నా గోడౌన్లో పని జేస్తాండె. ఆమే తవ్వింటాది. నాకేం తెలుసు?"

శివపార్వతి గురమ్మ భుజం పట్టుకుంది. కూతురు ఓబులేష్ దగ్గర పనికి కుదిరిన రోజు నుంచి ఆ తల్లి ఆమె పేరెత్తలేదు. పండక్కి వచ్చి వాకిట్లో నిలబడితే తలుపు తీయలేదు. పదకొండు తీగలు. ఎన్ని మిగిలాయో.

వాలు కింద గుంపు చీలింది. ఆటో దిగిన ఒక ఆడమనిషి రాళ్ళ మీద చకచకా పైకి వస్తోంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. జుట్టు రేగిపోయి, మోచేతుల దాకా గీరుకుపోయిన చేతులతో ఒక బరువైన గోనెసంచిని గుండెలకు అదుముకుని ఉంది. తడిపిన సంచి లోపలి నుంచి నన్నారి మొదళ్ళు తలలు బయటికి పెట్టి ఉన్నాయి, వేళ్ళు కోసేసినవి, ఇంకా వాడనివి.

ఓబులేష్ చెయ్యి జేబులోని ఫోను వైపు పోయింది. సిబ్బందిలో ఒకడు అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

శిల్ప సంచిని రాతికట్ట పక్కన నీడలో దించింది. రేంజరు వైపు ఒకసారి చూసింది. "జంటబండల చోటు చూపిచ్చింది నేనే సారూ," అంది. "ఎందుకు చూపిచ్చినానో, రాత్రి ఎవరెవరు వచ్చి తవ్వినారో, ఆ వేర్లు ఇప్పుడు యాడుండాయో అంతా చెప్తా. అయితే ముందు మాయమ్మకు చెప్పాల. ఆ తర్వాతే మీరు రాసుకోండి."

హర్షవర్ధన్ పుస్తకం మూశాడు.

గురమ్మ కూతురి ముఖంలోకి చూడలేదు. సంచిలోకి వంగి, తీగ మొదళ్ళను ఒక్కోటీ తాకుతూ పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. పదకొండో మొదలు దగ్గర ఆమె వేలు ఆగింది. అప్పుడు, కూర్చున్న రాయి మీద కొంచెం పక్కకు జరిగి, కూతురికి చోటిచ్చింది.